కొమురమ్మ వేలిముద్రలు

2023 వానాకాలం. హనుమకొండ కోర్టు ఎదురు సందులో, ఒక జిరాక్స్ షాపు పైన నా ఆఫీసు. ఆఫీసు అన్నానని పెద్దగా ఊహించుకోవద్దు. ఒక గది, రెండు బీరువాలు, వాన మొదలైతే కిటికీ దగ్గర్నుంచి జరపాల్సిన కుర్చీ ఒకటి. కింద షాపులో సరిత అని ఒకావిడ టైపింగ్ చేస్తుంది. నా పిటిషన్లన్నీ ఆమె చేతిమీదుగా వెళ్ళాల్సిందే. నా ఇంగ్లిషులో తప్పులు నాకంటే ఆమెకే బాగా తెలుసు.

క్రిమినల్ కేసులు వాదించడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. మీకు బాగా గుర్తుండిపోయిన కేసు ఏది అని అడిగేవాళ్ళు ఏదో ఒక హత్య కథ చెబుతానని ఆశగా చూస్తారు. వాళ్ళను నిరాశపరచక తప్పదు. నాకు గుర్తుండిపోయింది పసిపిల్ల చేతికి వేసే మురుగుల జత గురించిన కేసు. అది నా దగ్గరకు వచ్చేసరికి కేసు ముగిసిపోయి చాలా కాలమైంది. తిరకాసంతా అక్కడే ఉంది.

ఆ రోజు సన్నగా వాన పడుతోంది. అరవై దాటిన ఒకావిడ గుమ్మంలో నిలబడింది. గొడుగు బయటే పెట్టి, రెండు చేతులూ కొంగు కింద దాచుకుని లోపలికి తొంగి చూసింది.

"వకీలమ్మంటె నువ్వేనా బిడ్డా?"

"నేనే. రా అవ్వా, కూర్చో."

కూర్చోలేదు. "నా ఏలిముద్రలు పోలీసోళ్ళ కాడున్నయి. అవి నాకు వాపసు ఇప్పియ్యాలె" అంది.

భూమి ఇప్పించమన్నవాళ్ళను చూశాను, పిల్లల్ని ఇప్పించమన్నవాళ్ళనూ చూశాను. వేలిముద్రలు ఇప్పించమన్న మనిషిని అదే చూడడం. నవ్వొచ్చింది, నవ్వేశాను కూడా. ఆమె నవ్వలేదు. నేను నవ్వడం అయ్యేదాకా ఓపిగ్గా నిలబడి, తర్వాత కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.

పేరు కొమురమ్మ. ఉండేది కాజీపేటలో, ఒక్కతే. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి పోయాడు. పిల్లలు లేరు. పెన్షన్ వస్తుంది కాబట్టి తిండికి ఫికర్ లేదు. ఆమె చేసే పని పసిపిల్లలకు నీళ్ళు పోయడం. బాలింత ఉన్న ఇంటికి పొద్దున్నే వెళ్ళి, కాళ్ళు చాపి పీట మీద కూర్చుని, పిల్లను కాళ్ళ మీద వేసుకుని, నూనె రాసి, ముక్కూ తలా సరిచేసి, వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి పడుకోబెడుతుంది. కాజీపేట, హనుమకొండల్లో ఎంతమంది ఆమె కాళ్ళ మీద నుంచి లేచారో ఆమెకే తెలియదు.

ఆ పనిలో ఆమెకో పద్ధతి ఉండేది. నూనె చేతులకు నగలు జారిపోతాయని, ముందు పిల్ల ఒంటిమీద ఉన్న మురుగులు, మొలతాడు మువ్వలు తీసి తన కొంగుకు ముడేసుకునేది. సాంబ్రాణి అయ్యాక ముడి విప్పి మళ్ళీ తొడిగేది. వాళ్ళ అత్త అట్లాగే చేసేదట. అన్నేళ్ళలో ఒక్క మువ్వ కూడా పోలేదు.

అంతకు ముందటేడు హనుమకొండలో ఒక ఇంట్లో ఆడపిల్లకు నీళ్ళు పోస్తోంది. ఒకరోజు స్నానమయ్యాక పిల్ల చేతులు బోసిగా ఉన్నాయి. నానమ్మ అడిగింది. ఆ రోజు మురుగులు పిల్ల చేతికి లేనే లేవని, ఇంట్లోనే తీసి పెట్టుకున్నారనుకుని తాను అడగలేదని కొమురమ్మ చెప్పింది. ఇల్లంతా వెతికారు. దొరకలేదు. కంప్లయింట్ ఇచ్చారు. "సదరు మహిళ ప్రతిరోజు పాప ఆభరణాలను తన చీర కొంగుకు కట్టుకొనేది" అని అందులో రాశారు. ఆమె జాగ్రత్తే ఆమె మీద సాక్ష్యమైంది.

అరెస్టు చేశారు. కోర్టు రిమాండ్‌కు పంపింది, అంటే విచారణ సాగేలోగా జైల్లో ఉంచమంది. అంతకు ముందే స్టేషన్‌లో ఫొటో తీశారు, వేలిముద్రలు తీసుకున్నారు.

"ఒక్కొక్క ఏలు వట్టుకోని సిరాల దొర్లిచ్చిండ్రు బిడ్డా. మల్ల గాజుమిషిని మీద పెట్టిచ్చిండ్రు. సిరా పోనికి పొద్దంత తోముకున్న. గోర్ల సందుల శాన్నాళ్ళు ఉండె" అంది కొమురమ్మ. అప్పుడు తీసింది చేతులు కొంగు కిందనుంచి. మెత్తటి, నిగనిగలాడే చేతులు. ఏళ్ళ తరబడి నూనెలో నానిన చేతులు.

బెయిల్ మీద బయటకొచ్చింది. ఆ తర్వాత పిల్లకు తరువాతి టీకా వేయించాల్సిన రోజు వచ్చింది. తల్లి ఆసుపత్రి సంచీ తీసింది. లోపలి జేబులో మురుగులు! కిందటి టీకా రోజున సూది వేసేటప్పుడు అడ్డమని తానే తీసి అందులో పెట్టి మర్చిపోయింది. ఆ అమ్మాయి మంచిది. దాచిపెట్టలేదు. అత్త వద్దంటున్నా తానే స్టేషన్‌కు వెళ్ళి చెప్పింది. పోలీసులు 'మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్' అని కోర్టుకు ఫైనల్ రిపోర్ట్ ఇచ్చారు. నేరమే జరగలేదు, పొరపాటు పడ్డాం అని చెప్పడం అన్నమాట. మేజిస్ట్రేట్ ఒప్పుకున్నారు. కేసు మూసేశారు.

"మరి ఆ ఇంటివాళ్ళు?" అని అడిగాను.

"చీర పంపిండ్రు. నేను తీసుకోలె. మల్ల పిలుస్తరేమో అనుకున్న. వాళ్ళకే సిగ్గయ్యి పిలువలే. పొల్లకు మెడ నిలవడ్డది సూడలేదు నేను."

కేసు మూసినా మనిషిని వదల్లేదు. ఏ ఇంట్లో ఏం పోయినా స్టేషన్ నుంచి పిలుపు. కూర్చోబెట్టి అడిగి పంపేవారు. ఈలోగా హనుమకొండలో ఒక అపార్ట్‌మెంట్ వాళ్ళు పనివాళ్ళందరికీ పోలీసు వెరిఫికేషన్ ఉండాలన్నారు. కొమురమ్మ వేలు పెట్టగానే పాత అరెస్టు బయటపడింది. గేటు దగ్గర్నుంచే పంపేశారు. నెల తిరక్కుండా ఆ వార్త బాలింతలున్న ఇళ్ళన్నీ చుట్టేసింది. ఏ ఇంటి నుంచీ పిలుపు రాలేదు.

"పైసల కోసం కాదు బిడ్డా. పొద్దుగాల లేస్తనే ఎటు పోవాల్నో తెలుస్తలేదు. చేతులు ఊకుంటలెవ్వు." ఇదీ ఆమె ఫిర్యాదు. నేను నవ్వినందుకు అప్పుడు సిగ్గేసింది.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పాలి. అరెస్టయిన మనిషి వేలిముద్రలు, ఫొటోలు తీసుకోవచ్చు. అవి దేశం మొత్తానికి ఒక్కచోట కంప్యూటర్లలో డెబ్బై ఐదేళ్ళు ఉంటాయి. ఆ మాట చెబితే కొమురమ్మ, "అంటె నేను సచ్చినంక గూడనా?" అని నోరు తెరిచింది. కానీ అదే చట్టంలో ఇంకో మాటా ఉంది. అంతకు ముందు శిక్ష పడని మనిషి, విచారణ లేకుండానే విడుదలైతేనో, నిర్దోషి అని తేలితేనో, ఆ రికార్డును ధ్వంసం చేయాలి. కోర్టు ప్రత్యేకంగా కారణం రాసి ఉంచమంటే తప్ప ఉంచడానికి వీల్లేదు. చట్టంలో మాట ఉండడం వేరు, ఎవరో ఒకరు కుర్చీలోంచి లేచి ఆ పని చేయడం వేరు.

ముందు మేజిస్ట్రేట్ ఉత్తర్వు కాపీ తీసుకున్నాను. దాన్ని జతచేసి, ఈ పనికోసం నియమించిన నోడల్ ఆఫీసర్‌కు దరఖాస్తు పెట్టాను. జవాబు లేదు. స్టేషన్‌కు వెళ్తే, "కేసు క్లోజ్ అయింది కద మేడం, ఇంకేం ప్రాబ్లం? ముద్రలు మా చేతుల లెవ్వు, పైన సిస్టంల ఉంటయ్" అన్నారు. పైకి వెళ్తే, "కింద స్టేషన్ నుంచి రావాలె మేడం" అన్నారు. కాళ్ళరిగేలా తిరిగాను. ఒక్కరూ కాదనలేదు, ఒక్కరూ చేయలేదు. కాదంటే కొట్లాడొచ్చు. నీళ్ళు నమిలేవాళ్ళతో కొట్లాడడం ఎట్లా?

ఇక హైకోర్టులో రిట్ పిటిషన్ వేయక తప్పలేదు. ప్రభుత్వాధికారి చేయాల్సిన పని చేయకపోతే, చేయమని ఆదేశించండి అని అడిగే పిటిషన్ అది. సరిత టైపు చేసింది. అఫిడవిట్‌లో నీళ్ళు పోసే పని, కొంగుముడి అన్నీ రాశాను. సరిత కాగితాలు తెచ్చిస్తూ, ఎప్పుడూ లేనిది, నా తప్పులు ఒక్కటీ ఎత్తిచూపకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఒక వాయిదాకు కొమురమ్మ తానూ వస్తానంది. రావాల్సిన అవసరం లేదని చెప్పినా వినలేదు. కాజీపేటలో ఇద్దరం రైలెక్కాం. ఎదురు సీట్లో ఒక చిన్న వయసు తల్లి, ఒళ్ళో నెలల పిల్లవాడు. జనగామ రాకముందే మొదలుపెట్టాడు వాడు ఏడుపు. పాలిచ్చింది, ఊపింది, కిటికీ చూపించింది. ఊహూ. పెట్టెలో అందరూ సలహాలివ్వడం మొదలుపెట్టారు. తల్లికి తలప్రాణం తోకకొచ్చింది.

కొమురమ్మ చేతులు ఒళ్ళోంచి పైకి లేచాయి. అంతలోనే వాటిని కొంగు కింద దోపుకుంది. నా చెవిలో చెప్పింది: "కడుపుల గాలి పట్టింది వానికి. బోర్ల యేసుకోని ఈపు రాయమను. కిందికెళ్ళి మీదికి."

నేను చెప్పాను. ఆ అమ్మాయి తడబడుతూ చేయబోయి, కొమురమ్మ వైపు చూసింది. "అమ్మమ్మా, మీకు తెల్సినట్టుంది. జర మీరే ఎత్తుకోరాదుండ్రి."

"నా చేతులు నొస్తానయి బిడ్డా" అంది కొమురమ్మ. కిటికీ వైపు తిరిగింది. భువనగిరి దాటేదాకా తల తిప్పలేదు. పిల్లవాడు త్రేన్చి, నిద్రపోయాడు. వాడి చేతికి నల్లపూసల మధ్య చిన్న బంగారు గుండు ఉండడం నేను అప్పుడు గమనించాను. ఆమె ముందే గమనించింది.

ఆ రైల్లోనే నాకు ఈ కేసు అర్థమైంది. అప్పటిదాకా నేను చట్టంలో ఒక మాట అమలు కోసం కొట్లాడుతున్నాను అనుకున్నాను. పక్కన కూర్చున్న మనిషి తన చేతులకు తానే బేడీలు వేసుకుని తిరుగుతోందని అప్పుడు చూశాను. నాకు ఏడుపొచ్చింది. వకీళ్ళు రైళ్ళలో ఏడవకూడదని ఫోన్ తీసి చూస్తున్నట్టు నటించాను.

వాయిదాలు పడ్డాయి. అవతలివాళ్ళు కౌంటర్, అంటే జవాబు వేయడానికి గడువు మీద గడువు అడిగారు. చివరికి ఒకరోజు జడ్జిగారు ఒక్కటే ప్రశ్న వేశారు: నేరమే జరగలేదని మీరే రాసిచ్చారు కదా, ఇక ఈమె ముద్రలు ఏ కారణంతో ఉంచుకున్నారు? ప్రభుత్వ లాయరు కాగితాలు తిరగేశాడు. కారణం లేదు. రికార్డు ధ్వంసం చేసి, చేసినట్టు కోర్టుకు తెలపమని ఉత్తర్వు వచ్చింది. గడువులోపలే కంప్లయన్స్ రిపోర్ట్ కూడా వచ్చింది. ఉత్తర్వు అమలైంది అని అధికారి సంతకంతో చెప్పే కాగితం అది. నేను గాల్లో తేలుతూ కొమురమ్మకు ఫోన్ చేశాను.

వచ్చింది. చదివి వినిపించాను. "కాలబెట్టిండ్రా?" అని అడిగింది.

"కాగితం మీదివి చింపేశారు. కంప్యూటర్‌లోవి తీసేశారు."

"కాంపూటర్ల ముద్రకు బూడిదుండదా?"

"ఉండదు అవ్వా."

"మరి నువ్వు సూసినవా, తీసినప్పుడు?"

"చూడలేదు. పెద్ద అధికారి సంతకం పెట్టాడు కదా, చాలు."

ఆ సంతకం మీద వేలు పెట్టి చూపించింది. "ఆయన సంతకం పెడితె మనం నమ్మాలె. నేను ఆనాడు పొల్ల తల మీద చెయ్యి వెట్టి ఒట్టేసిన. నన్ను నమ్మిండ్రా?"

ఉత్తర్వు కాపీ ఒకటి తీసి ఆమె ముందు పెట్టాను.

దాన్ని మాత్రం భద్రంగా తీసుకెళ్ళింది. దారిలో ఒక్కో పేజీకీ లామినేషన్ కూడా చేయించుకుందట. మర్నాడే దాన్ని పట్టుకుని తనను గేటు దగ్గర్నుంచి పంపేసిన అపార్ట్‌మెంట్‌కు వెళ్ళింది. వాచ్‌మన్ దాన్ని సెక్రటరీకి చూపించాడు. సెక్రటరీ నాలుగు పేజీలు తిరగేసి, దొంగతనం అన్న మాట దగ్గర ఆగి, వెనక్కిచ్చేశాడు. ఊరికి కొత్తగా వచ్చి ఆ సంగతి ఇంకా తెలియని రెండు ఇళ్ళల్లో కూడా ఆమె తన చేతులతోనే ఆ కాగితం చూపించి వచ్చింది. వారం తర్వాత నా టేబుల్ మీద పెట్టి, "ఇది నీ కాడనే ఉండనియ్యి బిడ్డా. ఇది సూపిచ్చినకొద్ది నేను ఏం జేసిన్నో చెప్పాల్సొస్తాంది" అంది. ఆ అట్టముక్కలు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి.

ఆ రోజు నాకు తలనొప్పిగా ఉంది. కణతలు నొక్కుకుంటూ కూర్చున్నాను. చూసింది. "తలకు నూనె పెట్టుకోని ఎన్నొద్దులైంది నీకు?" అని కసిరింది. ఆదివారం ఇంటికి వస్తానంది.

నేను ఒక్కదాన్నే ఉంటాను. దానికో కథ ఉంది, ఇక్కడ అక్కర్లేదు. ఆదివారాలంటే నాకు బొత్తిగా ఇష్టముండేది కాదు, కోర్టు ఉండదు కాబట్టి. కొమురమ్మ నువ్వుల నూనె సీసా పట్టుకుని వచ్చింది. పీట మీద కూర్చున్నాను. చెయ్యి వేయదే!

"చెవుల కమ్మలు తియ్యి. తీసి బీరువల పెట్టి తాళమేసి రా."

తీశాను. ఆమెకే అందించాను. "నీ కొంగుకు ముడేసుకో అవ్వా."

ముట్టుకుంటే కాలుతుందన్నట్టు వెనక్కి జరిగింది. "వద్దు బిడ్డా. గా పని మల్ల చెయ్య. తాళమన్న వెయ్యి, లేకుంటె ఇద్దరికి కనవడేటట్టు పెట్టు."

కిటికీ గట్టు మీద పెట్టాను. అప్పుడు నూనె చేయి నా మాడు మీద పడింది. నా తలను ఇంకో మనిషి తాకి ఎన్నేళ్ళయిందో లెక్క వేసుకోవడం ఇష్టంలేక కళ్ళు మూసుకున్నాను. ఆ చేతులకు ప్రతి నరమూ తెలుసు. ఇట్లాంటి చేతులను ఊరంతా కలిసి ఖాళీగా కూర్చోబెట్టింది. నాకు కోపం, దుఃఖం రెండూ వచ్చాయి. నూనె కళ్ళలో పడిందని చెప్పాను.

ఆదివారాలు అట్లా అలవాటయ్యాయి. ఒకరోజు కింద సరిత ఆపింది. ఆమె కూతురికి కాన్పయింది. "మేడం, ఆ కొమురమ్మవ్వ మా పొల్లకు నీళ్ళు పోస్తదా?"

"నీకు అంతా తెలుసు కదా సరితా" అన్నాను.

"టైప్ కొట్టిందే నేనాయె. తెల్సు గనుకనే అడుగుతాన."

ఆర్డర్ కాపీ అడగలేదు. నేను కబురు పెట్టాను. కొమురమ్మ మర్నాడు పొద్దున్నే వెళ్ళింది. సరిత మనవరాలిని చూడడానికని నేనూ ఒకరోజు వెళ్ళాను. పీట మీద కాళ్ళు చాపి కూర్చుంది కొమురమ్మ. పిల్ల ఆమె కాళ్ళ మీద కళ్ళు మూసుకుని నీళ్ళు పోయించుకుంటోంది. ఎదురుగా స్టూలు మీద సరిత, గుప్పిట బిగించి కూర్చుంది. గుప్పిట్లో పిల్ల మొలతాడు మువ్వలు.

"కట్టుకోమంటె వింటలేదు మేడం. నువ్వే పట్టుకోని నా కండ్ల ముందట కూసోవాలె అంటాంది" అంది సరిత.

కొమురమ్మ కొంగు నడుముకు బిగించి దోపి ఉంది. అందులో ముడి లేదు.

రికార్డు ధ్వంసం చేయమని ఉత్తర్వు తేవడం నాకు వచ్చు. ఇప్పుడు ఇంకా బాగా వచ్చు. ఆ తర్వాత అట్లాంటివి వేరేవాళ్ళకూ తెచ్చాను. ప్రతిసారీ కాగితం చేతికిస్తూ ఒక మాట చెబుతున్నాను: ఇది జాగ్రత్తగా దాచుకో, ఎవరికీ చూపించకు, నీ పని తెలిసిన ఒక్క మనిషి దగ్గరకు ముందు వెళ్ళు. ఇది ఏ చట్టం పుస్తకంలోనూ లేదు. కొమురమ్మ దగ్గర నేర్చుకున్నాను.

కిందటి చలికాలం ఒక ఆదివారం. సరిత మనవరాలు బోర్లా పడుతోందని కబుర్లు చెబుతోంది కొమురమ్మ. "గునగున పాకుతది సూడు ఇంకొన్నొద్దులైతె. మెడ ఎప్పుడో నిలవడ్డది దానికి." అలా చెబుతూ చెబుతూ, నేను గట్టు మీద పెట్టబోయిన కమ్మలను నా చేతిలోంచి తీసుకుంది. కొంగు చివర పరిచింది, వాటిని అందులో పెట్టి ముడి వేసింది. కబురు ఆపలేదు.

నూనె కోసం వంగినప్పుడు చూసుకుంది. గబగబా ముడి విప్పి, కమ్మలు తీసి గట్టు మీద పెట్టింది. రెండూ ఉన్నాయో లేదో నన్ను చూసుకోమంది. చూశాను. ఉన్నాయన్నాను.

"చెయ్యి మర్సిపోయింది బిడ్డా" అంది, తప్పు చేసినట్టు.

నా డైరీలో ఆ కేసు ఎప్పుడో ముగిసింది. నేను మాత్రం ప్రతి ఆదివారం కమ్మలు తీసి ఆమె చేతికే ఇస్తున్నాను. ఆమె గట్టు మీద పెడుతోంది. ఆ చెయ్యి మళ్ళీ ఒకసారి మర్చిపోయి ముడి వేస్తే బాగుండునని చూస్తున్నాను.